కంపెనీ ఇంకు

నర్సాపురం, బడి నుంచి
ఫిబ్రవరి 11

చి. జయప్రకాష్‌కి అక్క ఆశీస్సులు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నా ఫోన్ సగం రోజు మా దగ్గరే ఉంటున్న మా ఆడపడుచు కూతురు నీహారిక చేతిలో ఉంటుంది, మిగతా సగం మా అత్తయ్యగారి చెవి పక్కన ఉంటుంది. అందుకని బడిలో ఖాళీ పీరియడులో కూర్చుని రాస్తున్నాను. నువ్వూ బడి చిరునామాకే రాయి.

ఉద్యోగం బాగుంది. ఆరు, ఏడు తరగతులకి తెలుగు చెబుతున్నాను. పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం రావడం, సాయంత్రం అదే పంటు మీద ఇంటికి పోవడం. మీ బావ పోయాక మనుషుల్లో పడింది ఇప్పుడే. ఇంటి దగ్గర మాత్రం మొదటి రోజు నుంచీ గొడవే.

"మొగుడు పోయిన మనిషి ఏడాది తిరక్కుండా నది దాటకూడదమ్మా. మా ఇంటా వంటా లేదు" అంటారు అత్తయ్యగారు.

"నాచేత బీఈడీ చదివించింది మీ అబ్బాయే కదండీ" అన్నాను.

"చదివించేడు. గోదారి దాటమన్నాడా?" అన్నారు.

సరే, అది రోజూ ఉండేదే. ఇప్పుడు అసలు సంగతి. పన్నెండో రోజున నువ్వు మీ ఇంట్లో ప్రింటు మిషను మీద తీసి, ఫ్రేము కట్టించి తెచ్చిన ఆ పెద్ద ఫోటో రంగు మారిపోతోంది. ముందు చొక్కా నీలం వెలిసింది. తరవాత బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇప్పుడు ముఖమంతా ఎర్రగా, ఎవరినో కసిరేటట్టు ఉంది. బతికుండగా ఆయన్ని అలా నేను ఒక్కనాడూ చూడలేదు. అత్తయ్యగారు దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "వాడికి కోపం వచ్చింది. ఈవిడగారు నది దాటుతోంది కదా" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు.

ఫోటోల సంగతి నీకు తెలిసినంత మాకు తెలియదు. ప్రింటులో ఏదైనా తేడా ఉంటే ఇలా అవుతుందా? ఒక్క ముక్క రాస్తే అది చూపించి ఈ గోల వదిలించుకుంటాను. మరదలు శ్రీవాణిని అడిగానని చెప్పు.

నీ అక్క
భవాని

---

అమలాపురం
ఫిబ్రవరి 19

అక్కకి, జయప్రకాష్ నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి నిజంగానే నవ్వుకున్నాను. చేతిరాత ఇంకా పలక మీద రాసినట్టే ఉంది.

ఫోటో విషయానికి వస్తే, నా ప్రింటులో తేడా ఉండే అవకాశమే లేదు. ఆ రోజు అందరి ముందూ చెప్పాను కదా, కంపెనీ ఇంకు, కంపెనీ కాగితం, వందేళ్ళయినా చెక్కుచెదరదని. నువ్వు దాన్ని ఎలా చూసుకుంటున్నావో నాకు తెలియదు. దీపం పక్కన పెట్టావా? అగరొత్తుల పొగ తగులుతోందా? గంధం బొట్టు పెట్టి తడి గుడ్డతో తుడుస్తున్నావా? మన ఆడవాళ్ళు దేవుడి పటాన్నీ ఫోటోనీ ఒకేలా కడిగేస్తారు. ముందు అక్కణ్ణించి తీసి నీడపట్టున పెట్టు.

మా హాల్లో బావ ఫోటో కూడా అదే రోజు, అదే మిషను మీద తీసింది. టీవీ పైన పెట్టాం. నిన్ననే తీసినట్టుంది. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి మరీ దణ్ణం పెడుతున్నారు.

అన్నట్టు, ఈ మధ్య నాకు తీరిక ఉండటం లేదు. కాలేజీలో లెక్చరర్లందరూ ఇంట్లో పెళ్ళిళ్ళకీ ఒడుగులకీ ఫోటోలు నాచేతే తీయించుకుంటున్నారు. కొత్తపేట నుంచి కూడా వస్తున్నారు. పాఠం చెప్పినందుకు ఇన్నేళ్ళలో రాని పేరు ఈ మిషను వల్ల వచ్చింది. శ్రీవాణి నవ్వుతూ ఉంటుంది, "ఫిజిక్సు మాస్టారు కాదండీ, ఫోటో మాస్టారు" అని.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు
జయప్రకాష్

---

నర్సాపురం, బడి నుంచి
మార్చి 14

చి. జయప్రకాష్‌కి అక్క ఆశీస్సులు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. దీపం దూరంగా జరిపాను. అగరొత్తులు పెరట్లో తులసి దగ్గరే వెలిగిస్తున్నాను. తడి గుడ్డ సంగతి అసలే లేదు, నేను ఎప్పుడూ తుడవలేదు. అయినా ఎరుపు తగ్గలేదు సరికదా, ఇప్పుడు జుట్టు కూడా రాగి రంగులోకి దిగింది.

మొన్న మా ఆడపడుచు బేబి ఐ.పోలవరం నుంచి వచ్చింది. పన్నెండో రోజున భగవద్గీత పుస్తకంలో పెట్టి అందరికీ తలొక చిన్న ఫోటో పంచాం చూడు, తన ఫోటో తెచ్చి అత్తయ్యగారికి చూపించింది. శుభ్రంగా ఉంది. కాట్రేనికోన నుంచి అత్తయ్యగారి చెల్లెలు వస్తూ వస్తూ మీ ఇంటికి కూడా వెళ్ళి వచ్చారట. "అమలాపురంలో బావమరిది ఇంట్లో దివ్యంగా ఉన్నాడే అక్కా! బేబి పుస్తకంలోనూ బాగానే ఉన్నాడు. పెళ్ళాం కళ్ళెదుటే ఇలా అయిపోయేడు" అన్నారు. నేను పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ రోజు నుంచి అత్తయ్యగారు నా చేతి వంట మానేశారు. అటుకులు నానబెట్టుకుని తింటున్నారు. ఆవిడది మొండితనమే కానీ నటన కాదురా. కొడుకు ముఖం అలా చూడలేక కుమిలిపోతున్నారు. నిన్న సూటిగానే చెప్పేశారు. "పిల్లా పీచూ లేదు, ఎవరి కోసం సంపాదిస్తావు? వాడికి కోపం తెప్పించే ఉద్యోగం మానెయ్యి. మానకపోతే ఈ ఇంట్లో నీకూ నాకూ పొసగదు, నీ దారి నువ్వు చూసుకో."

ఇంకో మాట నీకే చెబుతున్నాను. నాకూ అనుమానం మొదలైంది. చదివించినప్పుడు ఆయన మనసులో ఒకటి ఉండి, ఇప్పుడు ఇంకొకటి ఉందేమోనని. పాఠం మధ్యలో అది గుర్తొస్తే చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నాను. పిల్లలు నా ముఖం చూస్తున్నారు.

అందుకని ఒక సాయం చెయ్యి. ఈసారి ఉత్తరం ఇంటికి, అత్తయ్యగారి పేరు మీద రాయి. ఫోటోల రంగు ఒక్కోసారి దానంతట అదే మారుతుంది, ఎవరి తప్పూ కాదు అని రాయి చాలు. అది నిజమో కాదో నాకు అక్కర్లేదు. నువ్వు చెబితే ఆవిడ నమ్ముతారు. ఈ ఉద్యోగం పోతే నేను ఆ హాల్లో కూర్చుని ఆ ఫోటోని చూస్తూ ముసలిదాన్నవ్వాలి.

నీ అక్క
భవాని

---

అమలాపురం
మార్చి 24

పూజ్యులు శ్యామలాంబ అత్తయ్యగారి పాదాలకు నమస్కరించి జయప్రకాష్ రాసే విన్నపం.

ఇక్కడ మేమంతా మీ ఆశీర్వాదం వల్ల క్షేమం. మీ ఆరోగ్యం గురించి అక్క రాసింది. భోజనం సరిగా చెయ్యడం లేదని తెలిసి చాలా బాధపడ్డాం. దయచేసి అలా చెయ్యకండి.

చంద్రమౌళి బావగారి ఫోటో గురించి మీకు ఏవో సందేహాలు కలిగాయని తెలిసింది. నేను ఆ రోజు సభలో చెప్పిన మాట మీద ఇప్పటికీ ఉన్నానండి. ఫోటో మొదటి రకం కంపెనీ ఇంకుతో తీసిందే. అందులో లోపం ఏమీ లేదు. మా ఇంట్లో ఉన్నదాన్ని మీ చెల్లెలుగారు స్వయంగా చూసి వెళ్ళారు కూడాను. మనుషులు చేసే పనిలో చెప్పగలిగింది ఇంతవరకేనండి. ఆ పైన సంగతులు మీబోటి పెద్దలకు తెలియనివి కావు.

అక్క తెలిసో తెలియకో మీ మనసు కష్టపెట్టి ఉంటే, నా ముఖం చూసి క్షమించండి. మీరు ఎలా చెబితే అలా నడుచుకోమని నేనూ చెబుతాను.

ఇట్లు
విధేయుడు
జయప్రకాష్

---

సఖినేటిపల్లి
ఏప్రిల్ 3

జయప్రకాష్‌కి,

అత్తయ్యగారికి కళ్ళజోడు దొరకలేదు. నీ ఉత్తరం నాచేతే పైకి చదివించారు. బేబి కూడా ఉంది. "ఆ పైన సంగతులు" అన్న చోట ఆవిడ ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

ఉద్యోగం మానేశాను. పరీక్షల పేపర్లు దిద్ది ఇచ్చేసి మరీ వచ్చాను. హెడ్ మిస్ట్రెస్‌గారు కారణం అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను.

అత్తయ్యగారు భోజనం చేస్తున్నారు. నా చేతి వంటే. నేను రోజూ స్నానం చేసి ఆ ఫోటో ముందు నిలబడి తప్పయిందని చెప్పుకుంటున్నాను. ఎరుపు అలాగే ఉంది. ఇంకా కోపం తగ్గలేదేమో, ఇంకేం మానెయ్యాలో తెలియడం లేదు.

నువ్వు రాసింది నిజమే అయి ఉంటుంది. నిజం కాబట్టి అలా రాశావని సరిపెట్టుకుంటున్నాను.

భవాని

---

అమలాపురం
జులై 2

అక్కకి నమస్కారాలు.

మూడు నెలలుగా రాయాలనుకుంటూనే ఉన్నాను. రాయడానికి కూర్చుంటే ఏదో పని తగులుతోంది. నీ ఉత్తరం చదివి శ్రీవాణి నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. తనకి అసలు సంగతి ఏమీ తెలియదులే.

నువ్వు అలా దిగులు పెట్టుకోకు. బావ దేవుడులాంటి మనిషి, నీ మీద కోపం ఎందుకు ఉంటుంది? రోజూ తప్పయిందని చెప్పుకోవడం అవీ మానెయ్యి. ఆ ఫోటో వైపు ఎక్కువగా చూడకు. భాద్రపదంలో సంవత్సరీకానికి నేను ఒక రోజు ముందే వస్తాను. అన్నీ సర్దుకుంటాయి. నేను చూసుకుంటాను.

కొత్తపల్లి కొబ్బరి మామిడి పళ్ళు ఒక పెట్టె బస్సులో వేశాను, ఆఖరి కాపువి. అందాక ఫోన్ చెయ్యి.

నీ తమ్ముడు
జయప్రకాష్

---

సఖినేటిపల్లి
సెప్టెంబరు 21

జయప్రకాష్‌కి,

సంవత్సరీకం రోజున అందరి ముందూ అడగలేక ఊరుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను.

వెనక వసారాలో భోక్తలు భోజనాలకి కూర్చున్నారు. నెయ్యి గిన్నె కోసం హాల్లోకి వచ్చాను. నువ్వు కింద కూర్చుని ఆయన ఫ్రేము వెనక అట్ట బిగిస్తున్నావు. నన్ను చూసి, "దుమ్ము తుడుస్తున్నానక్కా" అన్నావు. పక్కన నీ చేతిసంచీలోంచి ఆ ఎర్ర ఫోటో అంచు బయటికి కనబడుతోంది. నేను నెయ్యి గిన్నె తీసుకుని వెళ్ళిపోయాను.

తరవాత ఏం జరిగిందో నువ్వూ చూశావు. అత్తయ్యగారు హాల్లోకి వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చారు, సంతోషంతో. "నా కొడుకు శాంతించేడు! చూడండీ, వాడి ముఖం తేటపడింది. చొక్కా నీలం తిరిగొచ్చింది. ఇది నది దాటడం మానింది, వాడు శాంతించేడు!" అన్నారు. పురోహితుడుగారు "ఆయ్, అంతేనండి, ఆబ్దికం సక్రమంగా జరిగిందంటే ఇదేనండి నిదర్శనం" అన్నారు. బేబి నా రెండు చేతులూ పట్టుకుని, "మానేసి మంచిపని చేసేవు వదినా" అంది. నువ్వు గుమ్మం పక్కన నిలబడి గారె తింటున్నావు.

నీ ప్రింటులో లోపం లేకపోతే దాన్ని ఎందుకు మార్చావు? దొంగచాటుగా ఎందుకు మార్చావు?

బడి నుంచి కబురొచ్చింది. నా చోట వచ్చిన అమ్మాయి దసరా సెలవల తరవాత రాదట, నన్ను చేరమంటున్నారు. ఏడాది అయిపోయింది కదండీ, వెళ్తానని అత్తయ్యగారిని అడిగాను. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఫోటో ముందు నిలబెట్టారు. అదే సమాధానం. ఇక నేను ఎప్పుడు అడిగినా అదే సమాధానం.

ఇంటికే రాయి. పోస్టు నేనే అందుకుంటున్నాను. పనీ పాటా లేనిదాన్ని కదా, గుమ్మంలోనే ఉంటాను.

భవాని

---

అమలాపురం
అక్టోబరు 5

అక్కకి,

చదివాక ఇది చింపెయ్యి. నా మీద ఒట్టు.

మిషనుతో పాటు పెట్టెలో కంపెనీ ఇంకు ఒక్క సెట్టే వస్తుంది. మా హాల్లో ఫోటో దానితో తీసిందే. మీ పెద్ద ఫోటో తీద్దామనేసరికి అయిపోయింది. మర్నాడు పన్నెండో రోజు. అమలాపురంలో కంపెనీది దొరకలేదు. అదే మిషనులో పట్టే వేరే రకం దొరికితే అది వేశాను. నువ్వు నమ్మాలి, తీసిన రోజు పక్కపక్కన పెట్టి చూస్తే నాకే తేడా కనిపించలేదు. పంచిన చిన్నవి కూడా దానితోనే తీశాను. అవి పుస్తకంలో ఉన్నాయి కాబట్టి గాలీ వెలుతురూ తగలక అలాగే ఉన్నాయి. మీది గోడ మీద ఉంది. అంతే తేడా. అందులో నీ తప్పు లేదు, బావ కోపమూ లేదు.

ఆ రోజు అంతమందిలో కంపెనీ ఇంకు అని ఒక మాట అనేశాను. తరవాత అందరూ వచ్చి పెళ్ళి ఫోటోలు తియ్యమంటే, కంపెనీది ఎప్పుడూ దొరకదు, ఖరీదూ ఎక్కువే, ఆ వేరే రకంతోనే అన్నీ తీశాను. ఇప్పుడు ఈ మాట బయటికి పొక్కితే ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆల్బం పట్టుకుని నా గుమ్మం ముందుకి వస్తారు. కాలేజీలో తలెత్తుకోగలనా? నీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా చెప్పాలనే అనుకున్నాను.

నీ మంచి కోసమే ఫోటో మార్చాను. ఇది కంపెనీ ఇంకే, కంపెనీ కాగితమే, రాజమండ్రి వెళ్ళి తెచ్చాను, మన అమ్మ మీద ఒట్టు. ఎన్నేళ్ళయినా మారదు. మీ అత్తగారి మనసు కుదుటపడింది. ఇంట్లో నీకు మర్యాద తిరిగొచ్చింది. ఇంకా ఏం కావాలక్కా? ఇంక దీన్ని తవ్వుకోకు.

జయప్రకాష్

---

సఖినేటిపల్లి
అక్టోబరు 16

జయప్రకాష్‌కి,

నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి చింపి పొయ్యిలో వేశాను.

ఇంకేం కావాలని అడిగావు. నా ఉద్యోగం కావాలి. నీ కొత్త ఫోటో దాన్ని ఇంకా దూరం చేసింది. ఎర్ర ఫోటో ఉన్నప్పుడు ఆవిడకి అనుమానమే. ఇప్పుడు రుజువు దొరికింది. మానేస్తే తేటపడ్డాడని ఊరందరికీ చూపిస్తున్నారు. నువ్వు తాళం వేసి, నాకు మంచి చేశానంటున్నావు.

గీత పుస్తకాల్లో ఫోటోలు బాగున్నాయంటే నన్నే వేలెత్తి చూపించారు. వాళ్ళలో ఒక్కరూ ఆ పుస్తకం తెరవలేదు కాబట్టి అవి బాగున్నాయన్నమాట. నేను రోజూ ఆయన ముఖం చూసుకున్నాను కాబట్టి దోషినయ్యాను.

నేనిప్పుడు అడిగేది ఒక్కటే. కార్తీక మాసంలో విదియనాడు భగినీ హస్త భోజనం. అప్పచెల్లెళ్ళ చేతి అన్నం తినడానికి అన్నదమ్ములు వచ్చే రోజు. నాకు పెళ్ళయిన దగ్గర నుంచీ నువ్వు ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారీ రా. విస్తట్లో కూర్చోబోయే ముందు అత్తయ్యగారితో ఆ ఒక్క మాట చెప్పు. ఊరికి చెప్పొద్దు, కాలేజీకి చెప్పొద్దు. ఆవిడ ఒక్కరికి చెప్పు. ఆవిడ ఎవరితోనూ అనకుండా నేను ఒట్టు వేయించుకుంటాను. బడివాళ్ళు అప్పటిదాకా ఆగుతామన్నారు.

నీకు ఇష్టమని పనసపొట్టు కూర చేస్తాను.

నీ అక్క
భవాని

---

అమలాపురం
అక్టోబరు 29

అక్కకి నమస్కారాలు.

ఆ రోజు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. మార్పించుకుందామంటే ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకోలేదు. శ్రీవాణికి కూడా ఒంట్లో నలతగా ఉంది. నీకు చీర కొరియర్లో పంపాను. ఉప్పాడది. కట్టుకో.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

జయప్రకాష్

---

సఖినేటిపల్లి
నవంబరు 8

జయప్రకాష్‌కి,

నువ్వు రావని తెలిసినా విస్తరి వేశాను. పనసపొట్టు కూరా చేశాను.

"ఏమే, మీ తమ్ముడు ఇంకా రాలేదు?" అన్నారు అత్తయ్యగారు. "రాడండి. వస్తే నిజం చెప్పాల్సి వస్తుంది" అన్నాను. ఇంకు సంగతి మొదటి నుంచి చివరిదాకా నేనే చెప్పాను. ఆవిడ అంతా విని, "ఉద్యోగం కోసం తోడబుట్టినవాడి మీద కూడా ఇంత మాట కడతావుటే? ఆ పిల్లాడు నాకు రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది" అన్నారు. ఆ విస్తరి తీసెయ్యమన్నారు. కూరంతా పనమ్మాయికి పెట్టేశాను.

సోమవారం బడిలో చేరుతున్నాను. ఇల్లు విడిచి వెళ్ళడం లేదు, ఎవరినీ ఒప్పించనూ లేదు. అత్తయ్యగారితో ఒక పందెం వేసుకున్నానంతే.

"మళ్ళీ ఎర్రబడతాడు, చూడు" అన్నారు ఆవిడ.

"చూడండి. రోజూ నేను పంటు దిగి ఇంటికొచ్చాక నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించండి. ఏ రోజు ఆయన ముఖం రంగు మారితే ఆ రోజే మానేస్తాను. మళ్ళీ అడగను" అన్నాను.

"సరే" అన్నారు. ఆవిడకి కొడుకు కోపం మీద నమ్మకం. నాకు కంపెనీ ఇంకు మీద నమ్మకం. ఏడాది గడిచాక ఆవిడే తీరిగ్గా తేల్చుకుంటారు, ఆయనకి కోపం ఉందో లేదో. నువ్వు చెప్పాల్సిన మాట ఇక నాకు అక్కర్లేదు.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. ఆపలేకపోతున్నాను. నా ఉద్యోగం పోయిందని కాదురా నా ఏడుపు. సంపాదించుకోగలను. ఏప్రిల్ నుంచి సంవత్సరీకం దాకా రోజూ ఆయన ముందు నిలబడి తప్పయిందని ఏడ్చాను. నాకు పరీక్షలని తను వంట చేసి, నన్ను చదువుకోమన్న మనిషి. ఆయన నన్ను అసహ్యించుకుంటున్నాడని నమ్మాను. ఇప్పుడు నిజం తెలిసింది, కానీ ఆయన ముఖంలోకి చూడాలంటే సిగ్గేస్తోంది. అనుమానించానని ఆయనకి ఎలా చెప్పుకోను? చచ్చిపోయినవాడు లేచి వచ్చి "నాకు కోపం లేదు" అని చెప్పలేడు. చెప్పగలిగినవాడివి నువ్వు ఒక్కడివే. నువ్వు అక్కడ పెళ్ళి ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నావు.

చీర తిప్పి పంపాను. వచ్చే ఏడు విస్తరి వెయ్యను.

భవానీదేవి